లంక గాలికి ఇల్లు మార్చిన ముళ్ళపంది

వరుస తప్పుతానేమోనని ముందే చెప్పేస్తున్నాను. ఈమధ్య నాకు ముందుది వెనక్కి, వెనకది ముందుకి పోతోంది. మామూలు కథైతే ఫరవాలేదు, నక్క ముందొచ్చినా కుందేలు ముందొచ్చినా నడుస్తుంది. ఇది నెలల మీద నడిచే కథ. నెల తప్పితే కథే తప్పుతుంది. కాబట్టి ఒక్కటి గుర్తుపెట్టుకోండి: ముందు ఎండలు, తర్వాత వానలు. నేను తిరగేసి రాస్తే మీరు సరిచేసుకోండి.

ఒక ఏరు. ఏటి గట్టున రాతిగుట్ట, ఏటి నడుమ ఇసకలంక. గుట్ట మీద నూకాలు అనే ముళ్ళపంది మొగుడు సత్తెయ్యతో, ఇద్దరు పిల్లలతో కాపురముండేది. పెద్ద బండ కింద ఆమె బొరియ. కాపురానికొచ్చిన కొత్తలో తవ్వడం మొదలుపెట్టి, పిల్లలు పుట్టేదాకా తవ్వుతూనే ఉంది. ఎండాకాలం చల్లగా, వానాకాలం పొడిగా, చలికాలం వెచ్చగా ఉండేది. అయితే ఉన్న సుఖం ఉన్నవాళ్ళకి కనపడితే ఇక కథలెందుకు?

నూకాలుకి ఒక ఇబ్బంది ఉంది. అసూయ పడితే దాచుకోలేదు. అందరికీ అది కడుపులో పుడుతుంది, నూకాలుకి వీపు మీద పుట్టేది. ముళ్ళు జివ్వున లేచి గలగలమనేవి. ఆ చప్పుడు వినగానే సత్తెయ్య నములుతున్న దుంప ఆపి, "ఇవాళ ఎవరింట్లో ఏం విశేషం?" అనేవాడు.

ఎక్కువసార్లు ఆ విశేషం పేరు పైడమ్మ. ఆమె నూకాలుకి తోడికోడలు, సత్తెయ్య తమ్ముడి పెళ్ళాం. ఆ తమ్ముడు వేటకుక్కల పాలయ్యాక, పైడమ్మ ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని లంకలో కాపురం పెట్టింది. ఏటా ఆషాఢం రాగానే చుట్టపు చూపుగా గుట్ట మీదికి వచ్చేది. వచ్చి, గోడకి వీపు ఆనించి కూర్చుని, ఊపిరైనా తిప్పుకోకుండా మొదలుపెట్టేది.

"అబ్బ, మీ గుట్ట మీద గాలే ఆడదు అక్కా! మా లంకలో అయితేనా, పొద్దు వాలితే చాలు, ఏటి మీంచి చల్లగాలి. పిల్లలు ఇంటి పట్టున ఉండరనుకో. అంతా ఆరుబయటే."

"అంత గాలి వదులుకుని ఇక్కడికెందుకొచ్చావే?"

"ఆషాఢం కదక్కా! ఆడది పుట్టింటికి పోవాలి. నాకు పుట్టిల్లెక్కడిది? నువ్వే నా పుట్టిల్లు."

ఆ మాటతో నూకాలు మెత్తబడేది. లేత దుంపలు ఏరి తోడికోడలి పిల్లలకి పెట్టేది. పైడమ్మ దసరా దాకా ఉండి, గుట్ట మీది సీతాఫలాలు కడుపారా తిని వెళ్ళేది. ఆమె వెళ్ళాక కూడా లంక గాలి మాత్రం నూకాలు చెవుల్లో వీస్తూనే ఉండేది.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. పొద్దు గూకినా గుట్ట రాళ్ళు పెనంలా కాలుతున్నాయి. పిల్లలు గడపలోంచి కాలు బయటపెట్టడం, "అమ్మో" అని వెనక్కి లాక్కోవడం. దుంప కోసం తవ్వితే నేల కాదు, గోరు విరుగుతోంది.

"ఒకసారి పైడమ్మ వైభోగం చూసొస్తాను" అని వైశాఖంలో ఒక మునిమాపు వేళ నూకాలు బయల్దేరింది.

ఏరు చీలమండ లోతున పాయలుగా పారుతోంది. నడిచే దాటేసింది. లంకలో కాలు పెట్టగానే ఇసక పిండిలా మెత్తగా తగిలింది. మనుషులు వేసిన పుచ్చపాదులు లంకంతా పాకి ఉన్నాయి. ఆకు కింద చూస్తే కాయ, కాయ పక్కన మళ్ళీ కాయ. పైడమ్మ పిల్లలు ఎర్రటి గుజ్జులో ముఖాలు ముంచి తిని, ఇసకలో దొర్లి, నీళ్ళలో పడి లేస్తున్నారు.

"రా అక్కా రా! ఇన్నాళ్ళకి దారి కనపడిందా?" అంది పైడమ్మ, సగం పుచ్చకాయ ముందుకు దొర్లించి. "ఇలా బతకాలి అక్కా. ఇల్లంటే నిద్రకే. మీరు పాపం పగలంతా ఆ బండ కింద పడుకుని, రాత్రంతా రాళ్ళు లెక్కపెట్టుకోవాలి."

గలగలగల.

"ఏంటక్కా ఆ చప్పుడు?"

"ఏం లేదు. వీపు దురద."

దూరపు కొండలు నునుపంటారు. దగ్గరికి పోయి చూసినా నునుపుగానే ఉంది ఈ లంక. అదే నూకాలు దుఃఖం. పుచ్చకాయ తియ్యగా ఉందని నాలుక చెబుతుంటే, మింగుడు పడటం లేదు.

తిరిగొచ్చేటప్పుడు పాదుల చాటునుంచి ఒక నక్క వచ్చి పక్కన నడవసాగింది. పేరు శరభయ్య. పైడమ్మ బొరియకి పక్క బొరియ అతనిది. అందరి మాటలూ వినడం, ఎవరి మాటా పట్టించుకోనట్టు ఉండటం అతని విద్య.

"అక్కగారూ, ముళ్ళు కాస్త దించుకోండి. గాలికి ఎగిరిపోతారు."

"నీకెందుకయ్యా?"

"నాకెందుకులెండి. నా బాధ నాది. ఈ చల్లగాలి నా కీళ్ళకి పడటం లేదు. రాళ్ళ వేడి తగిలితే తప్ప ఈ నొప్పులు పోవట. ఉన్న బొరియ ఎవరికైనా ఇచ్చేసి మెట్టకి పోదామనుకుంటున్నా."

నూకాలు నడక మందగించింది.

"మీ తోడికోడలితో అన్నాను కూడా. ఎవరికిచ్చినా మా అక్కకి మాత్రం ఇవ్వకు అంది."

"ఎందుకట?"

"వద్దులెండి. మీ మీ మధ్య నాకెందుకు?"

"చెప్పు తమ్ముడూ!"

"మా అక్కది రాళ్ళకి అలవాటు పడ్డ ప్రాణం, ఈ సుఖం దానికి ఇమడదు అందండి."

ఏటి మధ్యలో నిలబడిపోయింది నూకాలు. ముళ్ళు లేచి, గలగలమని, వంగి, మళ్ళీ లేచాయి. "ఇమడదా? నాకా? దానికి ఇమిడింది నాకు ఇమడదా?"

"నేనూ అదే అన్నాను. ఇమడకపోవడానికి అక్కగారికేం తక్కువ అని."

అవతలి గట్టు ఎక్కేలోపు బేరం కుదిరింది. బొరియకి బొరియ. ఏడాది తిరిగేదాకా ఎవరి ఇల్లు ఎవరూ తిరిగి అడగకూడదు.

"మాటంటే మాట" అన్నాడు శరభయ్య.

"మాటంటే మాటే."

"ఒక్కటి అక్కగారూ. మీరు కుదురుకునేదాకా పైడమ్మకి చెప్పకండి. దిష్టి కళ్ళు."

ఇంటికొచ్చి చెబితే సత్తెయ్య నములుతున్న దుంప కింద పెట్టాడు. తర్వాత, "అంత మంచి చోటైతే ఆ పిల్ల ఏటా వానల్లో మనింటికి ఎందుకొస్తుందో అడిగావా?" అన్నాడు.

"అడిగేదేముంది? నన్ను ఏడిపించడానికి వస్తుంది."

"మూడు నెలలా?"

"దాని ఓపిక నీకు తెలీదు."

సత్తెయ్య దుంప పట్టుకుని అవతలికి జరిగాడు. ముళ్ళు లేచి ఉన్నప్పుడు పెళ్ళాం దగ్గరికి పోకూడదని అతనికి కాపురం నేర్పిన చదువు.

లంకలో దిగారు. నిజం చెప్పాలి, సుఖపడ్డారు. పిల్లలు పుచ్చకాయలు తిని గుండ్రంగా తయారయ్యారు. సత్తెయ్య సైతం సాయంకాలాలు ఇసకలో వెల్లకిలా పడుకోవాలని చూసి, ముళ్ళు ఇసకలో దిగబడితే లేవలేక అందర్నీ నవ్వించాడు. శరభయ్య ఎటో తిరగడానికి పోయాడనీ, ఎండలు తగ్గేదాకా ఆ ఖాళీ బొరియలో వీళ్ళు తలదాచుకున్నారనీ పైడమ్మ అనుకుంది. నూకాలు అసలు సంగతి చెప్పలేదు. రోజూ తోడికోడలి వీపు వంక చూసేది. ఆ ముళ్ళు ఎప్పుడు లేస్తాయా, అప్పుడు చెబుదాం అని. అవి లేచేవి కావు. పైడమ్మకి అసూయ పుట్టకపోవడం చూసి నూకాలుకి మళ్ళీ అసూయ పుట్టేది.

జ్యేష్ఠం చివరికొచ్చేసరికి పుచ్చతీగలు ఎండిపోయాయి. ఒకరోజు మనుషులు వచ్చి తమ కాపలా పాక విప్పి, వాసాలూ తాటాకులూ నెత్తిన పెట్టుకుని ఏరు దాటిపోయారు.

"అదేంటే, పాక కూడా మోసుకుపోతున్నారు?" అంది నూకాలు.

"పంట అయిపోయిందిగా" అంది పైడమ్మ. అంటూ ఏటి ఎగువ వైపు చూసింది. అక్కడ మబ్బు నల్లగా ఉంది.

మర్నాడు తెల్లవారేసరికి పైడమ్మ పిల్లలిద్దర్నీ వెంటేసుకుని నూకాలు గడపలో నిలబడింది.

"ఇక లేవండక్కా, పోదాం. ఆషాఢం వచ్చేస్తోంది. ఈ ఏడు అందరం కలిసే మీ ఇంటికి పోవచ్చు."

ఇదే సమయమనుకుంది నూకాలు. మెడ ఎత్తింది. "ఏ ఇల్లే? ఇదే మా ఇల్లు. గుట్ట మీది బొరియ శరభయ్యకిచ్చి ఇది తీసుకున్నాను. ఇమడదన్నావటగా, చూడు ఎలా ఇమిడానో!"

పైడమ్మ ముళ్ళు లేవలేదు. పిల్లలిద్దర్నీ దగ్గరికి లాక్కుంది.

"నేనెప్పుడన్నాను అక్కా ఆ మాట? ఎంత పని చేశావు! నాకున్న ఒక్క మెరక కూడా ఇచ్చేశావే!"

"నీకున్న మెరకేంటి?"

"ఈ లంక వానల్లో ఉండదు అక్కా. మునిగిపోతుంది. దసరాకి గానీ తేలదు. ఏటా నీ దగ్గరికి పుట్టిల్లని వచ్చానా? పిల్లలు కొట్టుకుపోకుండా వచ్చాను."

"మరి ఒక్కనాడైనా చెప్పలేదేమే?"

"మొగుడు పోయినదాన్ని. గతిలేక వచ్చానంటే ఒక పూట జాలిపడతారు, రెండో పూట విసుక్కుంటారు. గాలి బాగుంటుందంటే అక్కలా చూశావు."

నూకాలు ఇంకేదో అనబోయింది. ఎగువనుంచి ఒక హోరు వినిపించింది. పాయల్లో నీళ్ళు ఎర్రగా మారి, నురగ కట్టి, చూస్తుండగానే ఇసక అంచు కొరుక్కుతింటూ వస్తున్నాయి.

సత్తెయ్య ముందు నీళ్ళలోకి దిగాడు. తోడికోడళ్ళు తలో వైపు నిలబడి పిల్లల్ని మధ్యలో పెట్టుకుని ఈదారు. వరద పుచ్చతీగల్ని చుట్టుకుని పోతోంది. గట్టెక్కి వెనక్కి చూసేసరికి లంక లేదు. అంతా ఎర్రనీళ్ళే. ముంచుకొచ్చే వాన, వణుకుతున్న నలుగురు పిల్లలు, ఎదురుగా నక్క కాపురమున్న సొంత బొరియ.

శరభయ్య బండ కింద పొడిగా, ముందుకాళ్ళ మీద గడ్డం ఆనించి పడుకుని ఉన్నాడు.

"రండి అక్కగారూ! కీళ్ళు నయమయ్యాయి. మీ గుట్ట చలవ."

"లంక మునుగుతుందని చెప్పలేదేం?"

"మీరు అడగలేదు. గాలి గురించి అడిగారు, గాలి గురించి చెప్పాను. ఇంతకీ మాటంటే మాట కదండీ? ఏడాది తిరగాలి."

సత్తెయ్య పళ్ళు కొరికాడు. నూకాలు కోపంతో కాదు, సిగ్గుతో తల దించింది. అప్పుడు పక్కన తడిసి నిలబడ్డ తోడికోడలిని చూసింది. చూడగానే ఏటా వినే ఆ మాట గుర్తొచ్చింది. పైడమ్మ చెవిలో ఏదో చెప్పింది. పైడమ్మ బొరియ వెనక బలుసు పొద వైపు మాయమైంది.

"మాట తప్పం తమ్ముడూ" అంది నూకాలు. "ఇల్లు నీదే. మేం చుట్టాలం."

"చుట్టాలా?"

"ఆషాఢం కదయ్యా! ఆడవాళ్ళం పుట్టింటికి రావాలి. మాకు పుట్టిల్లెక్కడిది? నువ్వే మా పుట్టిల్లు. దసరా దాకా ఉంటాంలే."

అంటూనే వెనుదిరిగి, ముళ్ళన్నీ నిక్కబొడిచి, వెనకడుగుతో గడపలోకి దూరింది. ఈసారి గలగలమన్నది అసూయ కాదు. శరభయ్య లోపలికి జరిగాడు. ఇంకా లోపలికి జరిగాడు. ఇంతలో వెనక చీకట్లోంచి మరో గలగల. ఆ బొరియకి పొద మాటున రెండో ద్వారం ఉందని అతనికి తెలీదు. పైడమ్మకి బాగా తెలుసు, ఏటా ఆ దారినే పోయి సీతాఫలాలు చాటుగా తినేది.

"అక్కగారూ, వెనక ఇంకో దారి ఉందని చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు తమ్ముడూ."

"కాస్త సర్దుకోండి, గుచ్చుకుంటోంది!"

"చుట్టాలొస్తే ఇరుకు తప్పదు మరి. పైడమ్మా, తమ్ముడికి చలేస్తుందేమో, ఇంకాస్త దగ్గరికి జరగవే!"

శరభయ్య పడుకోలేడు, కూర్చోలేడు. తోక ఇటు పెడితే నూకాలు, అటు పెడితే పైడమ్మ. వాన ఒక జల్లు కురిసి వెలిసేదాకా ఓర్చుకున్నాడు.

"ఇల్లొద్దు, మాటొద్దు! నా అంతట నేనే పోతాను. మీ ఇల్లు మీకే ఇచ్చేస్తున్నా. దారివ్వండి చాలు!"

నూకాలు పక్కకి జరిగింది. "ఎక్కడికి పోతావు తమ్ముడూ ఈ వానల్లో? లంకకే పోరాదూ? చల్లటి గాలి. అంతా ఆరుబయటే."

శరభయ్య తోక కాళ్ళ మధ్య పెట్టుకుని ఒక పరుగు తీశాడు. తోక చివర రెండు ముళ్ళు గుచ్చుకునే ఉన్నాయి.

ఆ సాయంత్రం బయట వాన హోరు, లోపల పొడి నేల. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నిద్రపోయారు. పైడమ్మ మామూలుగా గోడకి వీపు ఆనించి కూర్చోబోయి, ఎందుకో మానేసి ఇటు తిరిగింది. ఆమె ముళ్ళు నిలువునా లేచి ఉన్నాయి.

"అదేంటే?"

"ఏటా ఇంతే అక్కా. మీ గడపలో కాలు పెట్టగానే లేస్తాయి. అందుకే గోడకి ఆనుకునేదాన్ని. ఇంత పొడి ఇల్లు నీకుండి, నాకు లేకపోయిందే అని."

నూకాలు నోరు తెరుచుకుని చూసింది. ఇన్నాళ్ళూ ఆ వీపు మీద వెతికింది, ఇవాళ దొరికింది. దొరికాక సంతోషం కలగలేదు. ఒక దుంప తెచ్చి ముందు పెట్టింది. "ఈ వానలు వెలిశాక నీ పిల్లలకి పక్కనే ఇంకో గది తవ్వుదాంలే. తినవే ముందు" అంది.

సత్తెయ్య ఒక చెవి ఎత్తి విన్నాడు. గలగల లేదు. హాయిగా కళ్ళు మూసుకున్నాడు.

నీతి: ఊరు మారాలనుకుంటే దాని మంచి నెల చూసి మురిసిపోకు, దాని చెడ్డ నెల చూసి మూట కట్టు.

అమ్మాయ్ హైమా, ఇది అచ్చుకి ఇచ్చేముందు పేర్లు ఒకసారి సరిచూడమ్మా. ఎక్కడైనా నూకాలుని పైడమ్మ అని రాశానేమో. ఇద్దరి ముళ్ళూ లేచేసరికి ఎవరెవరో నాకూ కలిసిపోయారు.