దూడ నాకిన గుడ్డ

ఒక ఏటి ఒడ్డున పాకలో ఒక బొమ్మలావిడ ఉండేది. తెల్లగుడ్డ మీద కలంతో బొమ్మలు వేయడం ఆమె పని. ఆమె అత్తగారు గీసిందీ ఆ పాకలోనే.

ఆ ఏడు రాజు కొత్త సభ కట్టించి ఆమెకు కబురు పంపాడు. "సభకి తెర కావాలి. ఇంతవరకు ఎవరూ చూడని బొమ్మ అయి ఉండాలి. తొలకరి పడేలోగా రావాలి. రాకపోతే ఆ పాక పైఊరి బొమ్మలాయనకి ఇస్తాం."

పాక పోతే ఇంకోచోట వేసుకోవచ్చు కదా అంటారేమో. కుదరదు. ఈ పనికి పారే నీళ్లు ఉండాలి, పక్కనే గుడ్డ ఆరేసుకోవడానికి ఇసుక తిన్నె ఉండాలి. చుట్టుపక్కల ఆ రెండూ కలిసి ఉన్న చోటు అదొక్కటే. పాక పోతే ఆమె చేతిలో కలం పోయినట్టే.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. నడిమి బొమ్మ మనసులో కుదిరాకే కలం ముంచాలి. అంచు చివర్లో గీసుకోవాలి. అత్తగారు అలాగే చేసింది, ఈమె కూడా అలాగే చేస్తూ వచ్చింది.

అందుకని బొమ్మ కోసం బయల్దేరింది. కొండెక్కి నెమళ్లను చూసింది. నెమలిని వేయనివాళ్లెవరు? చెరువుకి వెళ్లి తామరల్ని చూసింది. తామరపువ్వు లేని తెర ఏ ఊళ్లో ఉంది? ఇంటికొచ్చి ఏట్లో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. పొద్దు గూకేది, లేచేది. మళ్లీ పొద్దున వచ్చి కూర్చునేది.

ఆమె ఆడపడుచు ఆ పాకలోనే ఉండేది. గేదెనీ దూడనీ చూసుకోవడం, రంగులు కాయడం ఆవిడ వంతు.

"ఏమే, దొరికిందా?"

"ఇంకా లేదు వదినా. మనసులో మెరవాలి కదా."

"మెరుపులు ఆకాశంలో మొదలయ్యాయి తల్లీ. అవి నీ మనసులోకి దిగేసరికి మన పాకలో పైఊరాయన అన్నం తింటూ ఉంటాడు."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. తెరకి గుడ్డను ఊరికే తెచ్చి గీయరు. కరక్కాయ పొడీ గేదెపాలూ కలిపి, అందులో నానబెట్టి, పిండి, ఎండలో ఆరేస్తారు. కరక్కాయ ఉంటే నలుపు గట్టిగా పట్టుకుంటుంది. మరి పాలెందుకు? గీత పక్కకి పాకకుండా. పాలు తాగిన గుడ్డ మీద గీత గీసినచోటే నిలబడుతుంది. ఒకసారి పడ్డ గీత ఇక చెరగదు.

తెర పెద్దది. గేదె ఇచ్చిన పాలన్నీ తొట్టిలోకే పోయాయి. దూడకి మిగిలింది తక్కువ. బొమ్మలావిడ ఏటివైపు చూస్తూ కూర్చున్న ఒక మధ్యాహ్నం, అది తాడు తెంపుకుని ఇసుక తిన్నె మీదికి వచ్చింది. ఆరేసిన గుడ్డ వాసన చూసింది. ఆ వాసన అమ్మది. తన వాటా తను నాక్కుని, తోక ఆడించుకుంటూ వెళ్లిపోయింది. ఎవరూ చూడలేదు. ఎండకి తడి ఆరిపోయింది.

మర్నాడు తూర్పున మబ్బు పట్టింది. ఆడపడుచు గుడ్డ తెచ్చి బొమ్మలావిడ ఒళ్లో పడేసింది.

"అంచైనా గియ్యి."

"నడిమి బొమ్మ లేకుండా అంచా? అత్తయ్య ఉంటే చేతి మీద కొట్టేది."

"మా అమ్మ సంగతి నేను చూసుకుంటాలే. హంసల వరుస నీకు నిద్రలో కూడా వచ్చు. దానికి మెరుపులూ ఉరుములూ ఏం కావాలి?"

సిగ్గుపడుతూనే బొమ్మలావిడ కలం ముంచింది. ఒక హంస, దాని వెనక ఇంకో హంస. చెయ్యి దారిలో పడింది. వరుస గుడ్డ పైభాగానికి వచ్చేసరికి గీత ఉన్నట్టుండి కరిగింది. హంస మెడ పొగలా విచ్చుకుని, నల్లగా పాకి, గుడ్డలోకి ఇంకిపోయింది.

"అయ్యో వదినా!"

ఇద్దరూ వంగి చూశారు. మరకకి అటూ ఇటూ గరుకు నాలుక చాళ్లు కనిపించాయి.

"దూడ ముండ!" అంది ఆడపడుచు నెత్తి కొట్టుకుంటూ. "ఇంకో గుడ్డ నానబెడదామంటే ఆరడానికి ఎండేదీ?"

బొమ్మలావిడ ఇంకా వంగే ఉంది. ఆ మరకనే చూస్తోంది. ఇన్నేళ్లుగా ఆమె గీతలన్నీ నిలబడే గీతలు. ఏ గీతా ఇలా కదల్లేదు. తూర్పుకి తలెత్తి చూసింది. అక్కడా అదే నలుపు, అలాగే పాకుతోంది.

కలం మళ్లీ ముంచింది. ఈసారి కావాలనే దూడ నాకినచోట ఆనించింది. గుడ్డ మీద మబ్బు కమ్మింది. కింద పాలు నిలిచినచోట గీతలు సన్నగా, సూటిగా దిగాయి. వాన పడింది. వానలో తడుస్తున్న పొలాలు వచ్చాయి, పొలాల్లో గొంగళ్లు కప్పుకున్న మనుషులు వచ్చారు.

తొలకరి పడకముందే తెర సభలో వేలాడదీశారు. చూసినవాళ్లు చేతులు చాచి తడి ఉందేమోనని చూసుకున్నారు.

"ఈ వాన నీకెక్కడ దొరికింది?" అని రాజు అడిగాడు.

"దూడ నాకింది ప్రభూ."

సభంతా ఘొల్లున నవ్వింది. రాజు నవ్వలేదు. పాక ఆమెకే రాసిచ్చాడు.

మరి పైఊరి బొమ్మలాయన? ఆ సాయంత్రమే తనూ ఒక దూడని కొన్నాడు. అతన్ని చూసి మిగతా బొమ్మలవాళ్లూ కొన్నారు. గుడ్డలు పాలల్లో ముంచి పరిచి, ఎదురుగా కూర్చున్నారు. దూడలు నాకాయి, నమిలాయి, నిగనిగలాడుతూ బలిశాయి. కలాలు ఎండిపోయాయి.

మరుసటి ఏడు రాజు రెండో తెర అడిగాడు. గుడ్డతోపాటు మెడలో వెండిగంట కట్టిన దూడని కూడా పంపాడు. తోలుకొచ్చిన భటుడు, "ఇది నాకేదాకా ఉండి, చూసి రమ్మన్నారు" అన్నాడు.

"అలాగే నాయనా, ఆ నీడన కూర్చో" అంది బొమ్మలావిడ. ఆడపడుచు దూడని తీసుకెళ్లి గేదె దగ్గర వదిలింది. అది కడుపునిండా తాగి పడుకుంది.

బొమ్మలావిడ గుడ్డ పరుచుకుని అంచు మొదలుపెట్టింది.

"నడిమి బొమ్మ ఏమిటమ్మా?" అని భటుడు అడిగాడు.

"తెలీదు నాయనా."

"తెలీకుండానే గీస్తున్నావా?"

"ఎక్కడో ఒకచోట మొదలెట్టాలిగా."

మధ్యాహ్నానికి హంసల వరుస మొదటి మూల తిరిగింది. రెండో మూల దగ్గర, ముందరి హంస తోక చూస్తూ నడవాల్సిన ఒక హంస మెడ పక్కకి తిప్పింది. ఖాళీగా ఉన్న గుడ్డ నడిమికి చూస్తోంది.

బొమ్మలావిడ కలం ఆపి, దాని చూపు వెంట తనూ చూసింది.

"ఏముందే అక్కడ?" అని హంసని అడిగింది.

తర్వాత కలం ముంచుకుని, అది చూస్తున్నవైపు జరిగి కూర్చుంది.