స్నానాల గది బయట పాట

రండమ్మా, రండయ్యా, ఇంకాస్త ముందుకు జరగండి. ఆ గోడకు ఆనుకున్న పెద్దాయనకు కూడా వినపడాలి. దేవుడి దయవల్ల ఇవాళ గొంతు బాగానే ఉంది. ఒక చిన్న సంగతి చెప్తాను.

కేసుల్లో చిక్కుకున్న మైనరు పిల్లల్ని విచారణ అయ్యేదాకా ఉంచే హోమ్ ఒకటుంది. అందులో ఓబులేసు అని కొత్తగా చేరిన సూపర్‌వైజరు. చెడ్డవాడేం కాదు. దెబ్బలు తిని, చూడకూడనివి చూసి వచ్చిన పిల్లలతో ఎలా మెలగాలో చెప్పే మూడు రోజుల శిక్షణలో అతనే ఫస్టు. "ఏం చేశావురా" అనకూడదు, "నీకేమైంది నాయనా" అని అడగాలి. ఆ మాట అతనికి తెగ నచ్చింది.

శిక్షణ ఇచ్చింది నబీసాబు. అదే హోమ్‌లో ముప్పై ఏళ్ళు వార్డరుగా చేసి రిటైరైన దూదేకుల ముసలాయన. ఐదు పూటలా నమాజు చేస్తాడు, తీరిక దొరికితే తత్వాలు పాడతాడు. స్టాఫంతా ఆయన్ని తాతా అంటారు.

ఓబులేసుకు వచ్చిన చిక్కల్లా మారెన్న. పద్నాలుగేళ్ళవాడు. వచ్చి పదకొండు రోజులైనా ఒంటిమీద చెంబెడు నీళ్ళు పోసుకోలేదు. ఒళ్ళంతా గజ్జి. పక్కన ఎవరూ పడుకోనివ్వడం లేదు. రేపటికల్లా స్నానం చెయ్యకపోతే వాణ్ణి ఒంటరి గదిలో పెట్టేస్తాం, రిపోర్టు నువ్వే రాసివ్వు అని సూపరింటెండెంటు తేల్చి చెప్పాడు.

ఇప్పటికీ రోజూ హోమ్‌కు వచ్చిపోయే తాత దగ్గరికి ఓబులేసు ఖాళీ రిపోర్టు కాగితం చేత్తో పట్టుకుని వచ్చాడు.

"మీరు చెప్పినట్టే అడిగినా తాతా, నీకేమైంది నాయనా అని."

"ఎన్నిసార్లు?"

"రోజుకు నాలుగైదుసార్లు. పొద్దున లేస్తానే అడిగినా, అన్నం కాడ అడిగినా. నోరు తెరవడు."

"పోలీసోళ్ళు గూడా అన్నిసార్లు అడిగుండరు," అన్నాడు నబీసాబు. "స్నానాల టైముకు ఆడ ఎవరుంటారు?"

"నేనే. తలుపులకు గడియల్లేవు గదా. ఎవడేం చేసుకుంటాడో అని చెప్పులిడిచి మెల్లగా పోయి చూసొస్తుంటా. చప్పుడైతే జాగ్రత్త పడతారు."

నబీసాబు లేచాడు. పెరట్లో కుళాయిల దగ్గరికి తీసుకెళ్ళి అతని చేతిలో సబ్బు పెట్టాడు.

"ముఖం జిడ్డోడుతోంది. కడుక్కో."

ఓబులేసు ముఖమంతా నురగ చేసుకుని కళ్ళు మూసుకున్నాడు. వెనక ఏదో బట్ట కదిలిన అలికిడి. ఆ తర్వాత ఏమీ లేదు. గబగబా రెండు దోసిళ్ళ నీళ్ళు కొట్టుకుని, మండుతున్న కళ్ళతోనే వెనక్కి తిరిగాడు. మూరెడు దూరంలో నబీసాబు, ఒట్టికాళ్ళతో.

"చెవుల కింద నురగ అట్లే ఉందే. ఏమంత తొందర?"

"ఎవరో వచ్చి నిలబడినట్టుంటే... మీరా? చెప్పొచ్చు గదా తాతా."

నబీసాబు నవ్వలేదు. ఒక స్టూలు మోసుకెళ్ళి స్నానాల గదికి పది అడుగుల దూరంలో వేసుకుని, తలుపుకు వీపు పెట్టి కూర్చున్నాడు. వరండాలో మోకాళ్ళు ముడుచుకుని ఉన్న మారెన్నకు వినపడేలా అన్నాడు.

"అబ్బీ, నేనీడ కూర్చొని అటు తిరిగి పాడతా ఉంటా. పాట వినపడినంతసేపూ నేనీ స్టూలు మీదే ఉన్నట్టు. పోవాలనిపిస్తే పో. లేకుంటే పాట వినుకో."

అని ఎత్తుకున్నాడు. "నీ వాకిట్లో ఉండా సామీ, లోనికి రానులే సామీ..."

మొదటి తత్వం అయిపోయింది. రెండోదీ అయిపోయింది.

"ఇంకెంతసేపు తాతా?" గొణిగాడు ఓబులేసు. ముసలాయన చెయ్యి ఊపి మొదటిదే మళ్ళీ అందుకున్నాడు.

అప్పుడు మారెన్న లేచాడు. బకెట్టు తీసుకున్నాడు. స్టూలు వైపు రెండుసార్లు చూసి లోపలికి వెళ్ళాడు. తలుపు దగ్గరగా వేసుకున్నాడు. కుళాయి తిరిగింది. చాలాసేపటికి చెంబు చప్పుడు, ఒంటిమీద నీళ్ళు పడ్డ చప్పుడు.

సరిగ్గా అప్పుడే నబీసాబుకు దగ్గు తెర వచ్చింది. పాట ఆగింది.

లోపల చెంబు చప్పుడు కూడా ఆగింది.

ఓబులేసు తలుపు వంక చూశాడు. అతను పుట్టి బుద్ధెరిగాక నలుగురిలో నోరెత్తి పాడింది లేదు. కాగితం కిందపెట్టి, తలుపుకు వీపు తిప్పి, తాత స్టూలు పక్కనే నేలమీద కూర్చున్నాడు. కంచు చెంబును గచ్చుమీద ఈడ్చినట్టు ఉంది ఆ గొంతు.

"నీ వాకిట్లో ఉండా సామీ..."

చరణం తెలియదు. తెలిసిన ఆ ఒక్క ముక్కే నాలుగుసార్లు పాడాడు. ఐదోసారికి లోపల నీళ్ళు పడ్డాయి.

దగ్గు సర్దుకుని నబీసాబు కళ్ళు తుడుచుకున్నాడు.

"బాగలేదబ్బీ," అన్నాడు. "ఆపొద్దు."

అంతేనమ్మా సంగతి. ఇంటికి పోయాక ఒక్క పని గుర్తుంచుకోండి. భయపడ్డ మనిషి దగ్గరికి పోయేముందు మీ గొంతు వాళ్ళకు వినిపించండి, ఏ మాటైనా సరే. రేపు చెయ్యండి. ఎల్లుండి కూడా చెయ్యండి.