రాజుగారి బండి, మల్లోజు మేకు

ఒకానొక రాజ్యంలో మకరాంకుడనే రాజు ఉండేవాడు. ఏనుగులున్నాయి, గుర్రాలున్నాయి, రథాలున్నాయి. అవన్నీ వదిలేసి ఆయన పట్టుకు వేలాడింది మాత్రం ఒక రిమోటు బండిని! ఓడ వర్తకుడెవడో కానుకగా ఇచ్చాడు. మూరెడు బండికి జానెడు చక్రాలు. ఆ కాలంలో రిమోటెక్కడిదని నన్నడక్కండి. ఉంది, అంతే.

రాజుగారు పొద్దస్తమానం సింహాసనం మీద కూచుని మీట నొక్కేవాడు. బండి రయ్యిమని పోయి కోటమెట్ల మీంచి దూకేది. దూకినప్పుడల్లా ఏదో ఒకటి విరిగేది. విరిగినప్పుడల్లా ఆస్థాన కమ్మరి మల్లోజుకి పిలుపొచ్చేది, పిలుపుతోబాటు తిట్లూ వచ్చేవి.

మొదట ఇరుసు విరిగింది. "నాసిరకం ప్రభూ, ఉక్కుది వేయించండి" అన్నాడు మంత్రి ప్రగడన్న. ఆయనకి తెలియని శాస్త్రం లేదు, చేత్తో సుత్తి పట్టిందీ లేదు. మల్లోజు ఉక్కు ఇరుసు వేశాడు. ఈసారి ఇరుసు నిలిచింది గానీ లోపలి చక్రాల పళ్ళు రాలాయి. వాటినీ ఉక్కుతోనే చేశాడు. ఇక విరగడానికేమీ మిగల్లేదు గనక మోటారు కాలిపోయింది.

"ప్రభూ, పైనుంచి పడ్డ దెబ్బ ఎటూ పోదు. ఒకచోట గట్టి చేస్తే పక్కదాని మీద పడుతుంది" అని మల్లోజు నెత్తీ నోరూ బాదుకున్నాడు.

"అయితే పక్కదీ గట్టి చెయ్యి!" అన్నాడు రాజు.

గోడకి చెప్పినా కాస్త వినేదేమో! వర్తకుడు ఇచ్చిన మూడు మోటార్లలో రెండు బూడిదయ్యాయి. ఓడ మళ్ళీ వచ్చేది ఏడాదికి. మల్లోజుకి తల ప్రాణం తోకకొచ్చింది.

ఇది చాలనట్టు పొరుగు రాజు అలాంటి బండే సంపాదించి పందెం వేశాడు. కోట ముందు అయిదు దిమ్మెలు, అయిదూ దూకి ముందు చేరినవాడిదే గెలుపు.

రాజు మల్లోజుని పిలిపించాడు. "బండిలో బలహీనమైనది ఒక్కటి కూడా ఉండకూడదు. ఈసారి ఏదైనా విరిగిందా, పొద్దుగుంకేలోగా నువ్వు పొలిమేర దాటాలి."

మల్లోజు కొంపకి పోయి కొలిమి ముందు కూలబడ్డాడు. తాతలనాటి కొలిమి అది. భార్య ముత్యాలు సంగతి విని, మారుమాట లేకుండా తట్టాబుట్టా సర్దడం మొదలెట్టింది.

"అప్పుడేనా?" అన్నాడు మల్లోజు ఒళ్ళు మండి.

"ఆయన దూకించక మానడు, అది విరక్క మానదు. ఏది విరుగుతుందో చూడ్డమేగా మిగిలింది!" అంది ముత్యాలు.

మల్లోజు ఆ మాటకి ఠక్కున లేచి నిలబడ్డాడు.

పందెం రోజున జనం విరగబడ్డారు. రెండు బండ్లూ బయల్దేరాయి. మొదటి దిమ్మె దూకాయి, రెండోది దూకాయి. మూడోది దూకగానే టప్పుమంది రాజుగారి బండి. మోటారు తిరుగుతోంది, చక్రాలు కదలవు.

"మల్లోజూ!" అని రాజు వేసిన కేక కోట బురుజుల దాకా వినిపించింది.

మల్లోజు పరిగెత్తాడు. మోటారునీ ఇరుసునీ కలిపేచోట విరిగిన ముక్క ఊడబీకి, తలపాగాలోంచి చిన్న వెదురు మేకు తీసి దూర్చి, చెప్పుతో రెండు దెబ్బలు వేశాడు. రెండు తమలపాకులు నమిలేంత సేపు కూడా పట్టలేదు. బండి మళ్ళీ ఉరికింది. ఈలోగా పొరుగు రాజు ఉక్కు బండి నాలుగో దిమ్మె దిగి, నల్లటి పొగ కక్కి చతికిలబడింది. మకరాంకుడు గెలిచాడు!

జనం జేజేలు కొడుతుంటే ప్రగడన్న నేల మీద ముక్కని ఏరి పైకెత్తాడు. "ద్రోహం ప్రభూ! ఉక్కు ఉండాల్సిన చోట వెదురు పుల్ల! తెలిసే పెట్టాడు!"

రాజు ముఖం ఎర్రబడింది. "నిజమేనా? విరిగితే ఏమవుతుందో చెప్పాను కదా?"

మల్లోజుకి ఇక ఓపిక నశించింది. పోతే పోయింది కొలిమి అనుకున్నాడు.

"నిజమే ప్రభూ! తమరు దూకించక మానరు, ఏదో ఒకటి విరక్క మానదు. మోటారు పోతే ఏడాది ఆగాలి. మేకు పోతే మేకే పోతుంది. విరక్కుండా చెయ్యడం నా వల్ల కాదు, ఏది విరగాలో ఎంచుకున్నాను. అది తమరి దగ్గర నేర్చిందే."

"మా దగ్గరా?"

"తమకి కోపమొస్తే ఎవరి మీదో పడాలి కదా! సేనాపతి మీద పడితే కోట పోతుంది, మంత్రిగారి మీద పడితే కొలువు ఆగుతుంది. అందుకే రోజూ నా మీద వేస్తున్నారు. ఈ కొలువులో వెదురు మేకుని నేనే ప్రభూ!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. తన చేతి కంకణం తీసి మల్లోజుకి తొడిగాడు. "ఇంకేం కావాలో కోరుకో!"

"నెల రోజులు నన్నెవరూ తిట్టకుండా ఉంటే చాలు ప్రభూ."

"ఇచ్చాం! మరి ఈ నెల్లో మాకు కోపమొస్తేనో?"

మల్లోజు మెల్లగా తిరిగి ప్రగడన్న వంక చూశాడు. రాజూ చూశాడు. వెదురు ముక్క ఇంకా మంత్రిగారి చేతిలోనే ఉంది.

మర్నాటి నుంచి సరిగ్గా నెల రోజులు మంత్రిగారికి జ్వరమట, కొలువుకి రాలేదు.