బురదలో భద్రం, పొగడపల్లి వారి బిరుదులు

అనగనగా, మీ తాతకు తాత కూడా పుట్టకముందు, సింగవరంలో మల్లభూపతి అనే రాజు ఉండేవాడు. ఆ ఊళ్ళో పొగడపల్లి వారి ఇంటిపేరంటే అందరికీ మహా గౌరవం. ఉండదా మరి! ఆ ఇంట్లో పుట్టిన ఎర్రమనాయుడు చెరకు గడలు అందించి మదపుటేనుగును మచ్చిక చేశాడు. పాపమనాయుడు కాలువ తవ్వి, ఊరి మీదికి వచ్చిన వరదను పక్కకు మళ్ళించాడు. గోపమనాయుడు కింద దుంగలు వేసి, కూలిపోయిన కోట తలుపును లేపి నిలబెట్టాడు.

మరి వాళ్ళ మనవలో? వాళ్ళకొక ఆచారం ఉండేది. తాతల బిరుదులన్నీ, వాళ్ళు ఏ పని ఎలా చేశారో దానితో సహా, భట్టుగారు చదివితేగాని ఏ పనికీ చెయ్యి పెట్టరు. అన్నం ముద్దకైనా సరే! కొత్తకోడలు ముమ్మక్క, పాపం, చల్లారిన అన్నం ముందు కూర్చుని రోజూ ఆ బిరుదులు శ్రద్ధగా వినేది.

ఒకనాడు రాజుగారి పట్టపుటేనుగు భద్రం ఏటి ఒడ్డున ఊబిలో దిగబడింది. మావటి లబోదిబోమన్నాడు. రాజుగారికి ఆ ఏనుగంటే ప్రాణం; పరుగున ఏటి ఒడ్డుకు వచ్చాడు.

"పొగడపల్లి వారిని పిలవండి!" అన్నాడు.

ఇంటిపెద్ద వల్లభనాయుడు పెద్ద తలపాగా చుట్టుకుని, భట్టునూ, ముమ్మక్కనూ, బంధుబలగాన్నీ వెంటబెట్టుకుని వచ్చాడు. "భట్టుగారూ, ఇక కానివ్వండి" అన్నాడు.

భట్టు ఎర్రమనాయుడి బిరుదులు చదివాడు. ఏనుగు మోకాళ్ళ దాకా దిగింది. పాపమనాయుడి బిరుదులు చదివాడు. పొట్ట దాకా దిగింది.

"బాబ్బాబూ, మీ తాతలు గొప్పవాళ్ళే, ఒప్పుకున్నాను! ముందు నన్ను బయటపడెయ్యండి" అని ఏనుగు మొత్తుకుంది.

"కాస్త ఓర్చుకో. ఇంకా గోపమనాయుడు మిగిలాడు" అన్నాడు వల్లభనాయుడు.

ముమ్మక్కకు ఒళ్ళు మండిపోయింది. కొంగు నడుముకు బిగించి ముందుకొచ్చింది.

"మామయ్యగారూ, ఒక్క మాట. ఎర్రమ తాతగారు మదపుటేనుగుకు ఎదురెళ్ళిన నాడు ఆయనకు బిరుదులు ఎవరు చదివారండీ?"

వల్లభనాయుడు చెయ్యెత్తి భట్టును ఆపాడు.

ముమ్మక్క ఇక ఆగలేదు. చెరకు గడలు తెప్పించి ఏనుగుకు అందించింది. అది గింజుకోవడం మానింది. బంధువుల చేత పారలు పట్టించి కాలువ తవ్వించింది. ఊబిలోని నీళ్ళు ఏట్లోకి జారిపోయాయి. "ఇక దుంగలు!" అని కేకేసింది. తలపాగా తీసి పక్కన పడేసి, మొదటి దుంగ వల్లభనాయుడే మోసుకొచ్చాడు.

భద్రం ఒక్కో దుంగ మీద కాలు మోపుకుంటూ, హమ్మయ్య అంటూ గట్టెక్కింది. జనం కేకలతో ఏరు దద్దరిల్లింది.

"అమ్మా, ఈ ఉపాయం నీకెవరు చెప్పారు?" అన్నాడు రాజు, కళ్ళు తుడుచుకుంటూ.

"భట్టుగారే ప్రభూ! రోజూ చెబుతూనే ఉన్నారు. మా ఇంట్లో అందరూ విన్నదే."

రాజు పకపకా నవ్వాడు. "భట్టూ, ఇవాళ్టి నుంచి ముమ్మక్క పేరు కూడా కలిపి చదువు!"

"చదవండి," అంది ముమ్మక్క, "కానీ పని అయ్యాక."

ఆ పూట పొగడపల్లి వారింట్లో అందరూ మొదటిసారి వేడివేడి అన్నం తిన్నారు. బిరుదులు ఆ తర్వాత విన్నారు.

పిల్లలూ, ఇంటిపేరుకు ఘనత తాతలు తెస్తారు, దాన్ని నిలబెట్టేది మాత్రం ఇవాళ మనం చేసే పనే.