నమ్మకమైన తుపాకి

తిక్కస్వామికి కంటి నిండా నిద్ర పట్టి ఏడాది కావస్తోంది.

కర్నూల్లో మోటార్లకు వైరు చుట్టే దుకాణం ఆయనది. యాభై దాటిన మనిషి. ఒకరి జోలికి పోడు, ఒకరిని తన జోలికి రానివ్వడు. పేరులో తిక్క ఉంది గానీ మనిషిలో మచ్చుకైనా లేదు. అలాంటివాడి ఇంట్లో పట్టపగలు దొంగలు పడ్డారు. ఆయన దుకాణంలో ఉన్నాడు, ఇంట్లో భార్య నీలావతి ఒక్కతే ఉంది. కొరియర్ వచ్చిందమ్మా అంటే తలుపు తీసింది. ఇద్దరు లోపలికి జొరబడి మెడలో గొలుసు లాక్కున్నారు. అడ్డం పడిందని తోసేశారు. మణికట్టు విరిగింది.

గొలుసు పోతే పోయింది. మణికట్టు కూడా కొంచెం వంకరగానైనా అతుక్కుంది. నీలావతి మాత్రం మళ్లీ మునుపటి మనిషి కాలేదు. కుక్కరు కూత వేస్తే ఉలిక్కిపడుతుంది. పాలామె పిలిచినా కిటికీలోంచి తొంగి చూసి గానీ గడియ తీయదు. ఒకరోజు అన్నం వడ్డిస్తూ తేల్చి చెప్పేసింది.

"నువ్వు ఏదో ఒకటి చెయ్యి. చెయ్యకుంటే నేను బళ్లారికి మా అక్క దగ్గరికి పోతా. ఈ ఇంట్లో నేనుండలేను."

పాతికేళ్ల కాపురంలో ఆమె అలా మాట్లాడటం అదే మొదటిసారి. తిక్కస్వామికి ముద్ద దిగలేదు. కట్టుకున్నదాన్ని కాపాడుకోలేనివాడు ఏం మగాడని, గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో తన మొహం తాను చూసుకోవడానికే సిగ్గేసేది.

ఎనిమిది నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. లైసెన్సు వచ్చింది. ఇక తుపాకి కొనాలి. దుకాణంవాడు బల్ల మీద గుడ్డ పరిచి మూడింటిని పెట్టాడు. ఒకటి రివాల్వర్, రెండు పిస్తోళ్లు. ఏది మంచిదయ్యా అంటే మూడూ బంగారమే అన్నాడు. అమ్మేవాడు ఇంకేమంటాడు? తిక్కస్వామి నోటుపుస్తకం కొని గీతలు గీసి అన్నీ రాసుకున్నాడు. బరువెంత, గుండ్లెన్ని, చేతిలో ఎలా ఇముడుతుంది. ఎంత రాసినా అసలు సంగతి మాత్రం తేలలేదు. ఆ క్షణం వచ్చినప్పుడు మొరాయించకుండా పేలేది ఏది?

ఆ మాట చెప్పగల మనిషి తిక్కస్వామికి తెలిసి లోకంలో ఒక్కడే ఉన్నాడు. ఆదోనిలో తుపాకులు బాగుచేసే దౌలా సాహెబ్.

ఇక్కడొక సంగతి చెప్పుకోవాలి. మన తిక్కస్వామి మొదట్నుంచీ మోటార్ల మనిషి కాడు. పదహారో ఏట దౌలా సాహెబ్ దగ్గర పనిలో చేరాడు. ఎనిమిదేళ్లు ఆయన దగ్గరే నేర్చుకున్నాడు, ఆయన భార్య బీబమ్మ వండి పెడితే ఆయన ఇంట్లోనే తిన్నాడు. తర్వాత తుపాకుల పని తగ్గిపోయింది. పెళ్లయింది, కర్నూలుకు చేరాడు. ఏడాదికొకసారి వస్తా ఉస్తాద్ అని చెప్పి బస్సెక్కాడు. మొదట్లో వచ్చాడు కూడా. తర్వాత రెండేళ్లకొకసారి వచ్చాడు. ఆ తర్వాత పదకొండేళ్లు రానేలేదు. పదకొండేళ్లు! పనుంటే గానీ గుర్తుకు రాని మనుషుల్లో తనూ ఒకడైపోయానని బస్సులో కూర్చున్నంతసేపూ తనను తాను తిట్టుకుంటూనే వచ్చాడు.

ఆదోనిలో దిగి సందులోకి తిరిగాడో లేదో, కిరసనాయిలు, తుపాకి నూనె కలిసిన ఆ వాసన తగిలింది. తిక్కస్వామి కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

దసరా ముందు ఈ సందు ఎంత సందడిగా ఉండేది! పూజలో పెట్టడానికి పెద్ద పెద్ద ఇళ్ల తుపాకులన్నీ మెరుగుకు వచ్చేవి. పందుల నుంచి చేలు కాపాడుకునే రైతులు గోనెసంచుల్లో చుట్టి నాటు తుపాకులు తెచ్చేవాళ్లు. తెచ్చినవాడు ఎంత గొప్పవాడైనా సరే, గడప బయటే తెరిచి చూపించాలి. ఉస్తాద్ తుపాకి లోపల చూసి "ఖాళీ" అనేవాడు. తిక్కస్వామి చూసి "ఖాళీ" అనేవాడు. ఇద్దరూ అంటేనే లోపలికి రావడం. ఉస్తాద్ తుపాకిని చెవి దగ్గర పెట్టుకుని ట్రిగ్గర్ నొక్కి, ఆ చప్పుడును బట్టి ఏ స్ప్రింగు అలిసిపోయిందో చెప్పేవాడు. మొదటి ఆరు నెలలు తిక్కస్వామిని తుపాకి ముట్టనివ్వలేదు. చేతికి ఆకురాయి ఇచ్చి, ఒక ఇనుప ముక్కను చదును చెయ్యమన్నాడు. అది చదునయ్యాక ఇంకోటి ఇచ్చాడు. అబ్బ, ఆ రోజుల్లో ఎంత తిట్టుకునేవాడో! ఇప్పుడు తలుచుకుంటే ఆ ఇనుప ముక్కలు కూడా ముద్దొస్తున్నాయి.

దుకాణం ముందు బోర్డు మీద అక్షరాలు వెలిసిపోయాయి. లోపల ఉస్తాద్ చాప మీద కూర్చుని ఏదో కుట్టుమిషన్ విప్పుతున్నాడు. ఎనభై ఏళ్లు ఉంటాయి. కళ్లజోడు దారంతో చెవికి కట్టుకున్నాడు.

"ఎవరు? తిక్కడా?" అన్నాడు తలెత్తకుండానే.

"నేనే ఉస్తాద్. ఎట్లా కనుక్కున్నారు?"

"గడప బయట నిలబడి ఇంకా ఎవరు కాచుకుంటారురా? రా లోపలికి. దారి మర్చిపోయినావేమో అనుకుంటి."

తిక్కస్వామి ఉస్తాద్ కాళ్లకు దండం పెట్టాడు. "బీబమ్మ ఎట్లుంది?"

"లోపల పండుకోనుంది. కండ్లకు పొర కమ్మింది. మనిషి ఆకారం కనపడుతుంది, మొహం కనపడదు. లేచినాక మాట్లాడుదువులే. మొదట నీ సంగతి చెప్పు."

చెప్పాడు. దొంగలు, గొలుసు, మణికట్టు, బళ్లారి, అన్నీ చెప్పాడు. ఉస్తాద్ చేతిలో స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి విన్నాడు.

"ఆయమ్మకు చెయ్యి నొప్పి తగ్గిందా?"

"చెయ్యి తగ్గింది ఉస్తాద్. భయమే తగ్గలేదు." నోటుపుస్తకం తీసి ముందు పెట్టాడు. "ఈ మూడింట్లో ఒకటి తీసుకుందామని. మీరు వేలు పెట్టి, ఇది నమ్మకమైనది అనండి చాలు. కండ్లు మూసుకుని కొంటా."

ఉస్తాద్ పుస్తకం తిరగేశాడు. అన్ని గీతలు, అన్ని అంకెలు చూసి మూసేశాడు.

"మీ ఇంటికి రోజూ ఎవరెవరు వస్తారు?"

తిక్కస్వామికి అర్థం కాలేదు. అయినా అడిగింది ఉస్తాద్ కాబట్టి చెప్పాడు. "పాలామె. పనిమనిషి. గ్యాస్ బండవాడు. నా తమ్ముని కూతురొకతి ఉంది, స్కూటీ ఆపి పలుకూ లేదు, పిలుపూ లేదు, నేరుగా వంటింట్లోకే దూరుతుంది."

"ఊఁ."

"ఉస్తాద్, నేనడిగింది తుపాకి సంగతి."

"వింటి కదరా. నీ చెయ్యి ఎట్లుంది ఇప్పుడు?"

ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు తిక్కస్వామి మొహం వెలిగింది. "మీ దగ్గర నేర్చిన చెయ్యి ఉస్తాద్, యాడికి పోతుంది? దుకాణం ఎనక డ్రిల్లు మిషన్ పట్టుకుని రోజూ సాధన చేస్తాండా. వీపు తిప్పి నిలబడతా. చప్పుడయితే చాలు, కన్ను మూసి తెరిచేలోపు తిరిగి గురి పెట్టేస్తా. చెయ్యి ఆలస్యం కాదు. తుపాకి ఆలస్యం కాకూడదు, అంతే."

ఉస్తాద్ లేచి గోడ బీరువా తెరిచాడు. నూనె గుడ్డలో చుట్టిన పాత రివాల్వర్ తీశాడు. దాన్ని చూడగానే తిక్కస్వామికి ప్రాణం లేచొచ్చింది. పని నేర్పడానికి వాడేది అది. తూటాను పేల్చే సూదిని ఉస్తాద్ ఏనాడో పీకి పారేశాడు. ఆరు నెలల ఇనుప ముక్కల తర్వాత తిక్కస్వామి చేతికొచ్చిన మొదటి తుపాకి అదే. ఆ రోజు చేతులు కడుక్కోకుండా పడుకున్నాడు, వాసన పోతుందని.

ఉస్తాద్ తూటాల చక్రం తెరిచి చూసి "ఖాళీ" అన్నాడు. తిక్కస్వామి చూసి "ఖాళీ" అన్నాడు. ఎన్నేళ్లయింది ఆ మాట అని!

"ఈ స్టూలు మీద కూర్చో. లోపలి గుమ్మానికి వీపు పెట్టు. ఎనక చప్పుడయితే తిరుగు, గురి పెట్టి నొక్కు. ఇది మొరాయిస్తుందా లేదా చూద్దాం."

"మనిషి మీదికా ఉస్తాద్?" తిక్కస్వామి తడబడ్డాడు. "ఖాళీదైనా సరే గొట్టం మనిషి వైపు తిరిగిందంటే ఆకురాయి పిడితో వేళ్లు పగలగొట్టేవారే!"

"అది దుకాణం సంగతి రా. నువ్వు ఇంటికి కదా అడుగుతాండావు?"

అని, పరదా తొలగించుకుని లోపలికి పోయాడు.

తిక్కస్వామి వీధి వైపు చూస్తూ కూర్చున్నాడు. రివాల్వర్ ఒళ్లో పెట్టుకున్నాడు. దాని పిడి మీద ఒక చోట చిన్న గీత తగిలింది. అది తన ఆకురాయి జారి పడినదే. ఆ రోజు ఉస్తాద్ కొట్టలేదు, అరవనూలేదు. ఇది ఇంక నిన్ను మర్చిపోదులే అన్నాడు.

ఐదు నిమిషాలయింది. పది నిమిషాలయింది. లోపల అలికిడి లేదు. ముసలాయన మర్చిపోయి కునుకు తీస్తున్నాడేమో అనుకున్నాడు. ఎదురింటి అరుగు మీద ఎవరో పత్తి ధర గురించి గట్టిగా మాట్లాడుకుంటున్నారు. సైకిలు మీద ఒకడు కొత్తిమీర అమ్ముకుంటూ పోయాడు. ఇంత నిమ్మళంగా కూర్చుని ఎన్నాళ్లయిందో. ఇక్కడే ఉండిపోయి ఉంటే ఎలా ఉండేదో అనిపించింది.

అంతలోనే నీలావతి గుర్తుకొచ్చింది. తోసినప్పుడు ఆమె పెద్దగా అరిచిందట. పక్కింటివాళ్లు చెప్పారు. ఆ కేక తను వినలేదు. వినకపోబట్టేనేమో, ఏడాదిగా ఎప్పుడు ఒంటరిగా కూర్చున్నా అది చెవుల్లో మోగుతూనే ఉంటుంది. పిడి మీద వేళ్లు బిగుసుకున్నాయి.

వెనక పరదా కదిలింది. అడుగు పడింది.

తిక్కస్వామి లేచాడు. తిరిగాడు. రెండు చేతులూ చాపాడు. నొక్కాడు.

టక్.

ఎదురుగా బీబమ్మ నిలబడి ఉంది.

తల పూర్తిగా నెరిసిపోయింది. మనిషి సగానికి సగం అయిపోయింది. చేతుల్లో పళ్లెం, పళ్లెంలో జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి. రివాల్వర్ గొట్టం ఆమె పైట మీద, సరిగ్గా గుండెకు ఎదురుగా ఉంది. జానెడు దూరం కూడా లేదు.

బీబమ్మ చప్పుడు వచ్చిన వైపు చెవి పెట్టింది. మొహమంతా నవ్వు పరుచుకుంది.

"ఏమి ఇరగ్గొట్టినావురా తిక్కా, మళ్లీ?"

తిక్కస్వామి చేతులు చాచినవి చాచినట్టే ఉండిపోయాయి.

"వచ్చినోడివి ఒక్క కేక ఎయ్యొద్దా? ఈయన వచ్చి లేపి చెప్తే గానీ తెలీదు నాకు." పొర కమ్మిన కళ్లు చిట్లించి, తన వైపు చాచి ఉన్న ఆ చేతుల్ని చూసింది. "ఇంకా ఆ బుద్ధి పోలేదు చూడు! అమ్మ కనపడితే చాలు, చేతులు ముందే చాపుతావు. పట్టుకో నాయనా. ఎప్పుడు తిన్నావో ఏమో."

పళ్లెం పైకెత్తి ముందుకు జరిపింది. అంచు వచ్చి గొట్టానికి తగిలి ఠంగుమంది.

ఆ చేతి ముద్ద ఎనిమిదేళ్లు తిన్నాడు తిక్కస్వామి. జ్వరమొస్తే ఈమె కొంగుతోనే నుదురు తుడిచింది. తన కన్నతల్లి పోయినప్పుడు ఈమె ఒళ్లో తల పెట్టుకునే ఏడ్చాడు. ఇప్పుడు పళ్లెం అందుకోవడానికి ఖాళీ చెయ్యి లేదు. కళ్లలోంచి నీళ్లు జలజలా రాలాయి. వేళ్లు విప్పుదామంటే రావడం లేదు.

"పట్టుకోవేందిరా? చెయ్యి నొస్తాంది నాకు" అంది బీబమ్మ.

పరదా పక్కనుంచి దౌలా సాహెబ్ వచ్చాడు. తిక్కస్వామి వేళ్లను ఒక్కొక్కటిగా విప్పి రివాల్వర్ తీసుకున్నాడు. ఖాళీ అయిన ఆ రెండు చేతుల్లో బీబమ్మ పళ్లెం పెట్టింది.

ఉస్తాద్ రివాల్వర్‌ను నూనె గుడ్డలో చుట్టుకుంటూ చాలా మెల్లగా అన్నాడు.

"మొరాయించలేదురా, బేటా. నమ్మకమైనదే."