ఉప్పురాశికి కత్తి కాపలా

ఏడు ఊళ్లలో ఏడు అంగళ్లున్న షావుకారు కోటిలింగం అంగడికొక కత్తి కాపలావాణ్ని పెట్టాడు. వాళ్ల జీతాల ఖర్చును పట్టుకూ, గంధానికీ, పచ్చకర్పూరానికీ, ఉప్పుకూ సమానంగా పంచి లెక్క చూస్తే ఉప్పులో నష్టం తేలింది.

"రేపటినుంచి ఏ ఊళ్లోనూ ఉప్పు అమ్మం. నువ్వూ రానక్కర్లేదు," అన్నాడు ఉప్పు కొలిచే నాంచారితో.

ఇరవై ఏళ్లుగా పట్టిన కుంచం. వదిలేది లేదనుకుంది నాంచారి.

"కాపలా ఖర్చులో నాలుగో వంతు నా ఉప్పుదేనా, అయ్యా?"

"ముమ్మాటికీ!"

"అయితే నాలుగో వంతు కాపలా కూడా ఉప్పుదే. రా పోలయ్యా!" అంటూ, సంత కిటకిటలాడే వేళ కాపలావాణ్ని పెరట్లోకి తీసుకెళ్లి ఉప్పురాశి పక్కన నిలబెట్టింది.

షావుకారు లబోదిబోమంటూ పరిగెత్తుకొచ్చాడు. "అక్కడ పట్టు మూటలు గాలికొదిలేసి ఇక్కడేం కాపలా? ఉప్పునెవడు ఎత్తుకుపోతాడే?"

"ఎవడూ ఎత్తుకుపోని ఉప్పు కాపలావాడి జీతం ఎందుకు కడుతోందయ్యా?"

షావుకారు పోలయ్యను పట్టు దగ్గరికి తరిమి, కాపలా ఖర్చంతా దానిమీదే వేసి లెక్క తిరగరాశాడు. ఈసారి నష్టం పట్టులో తేలింది.

అప్పటికే నాంచారి తర్వాతి కుంచం కొలుస్తోంది.