అవతలి ఒడ్డు కేక

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ ఒక వాగు. వానాకాలంలో అది ఒడ్లు కోసుకుంటూ పారేది. ఎండాకాలంలో ఒక్క మడుగుగా మిగిలేది. ఇవతలి ఒడ్డున దుప్పులు బతికేవి. అవతలి ఒడ్డున మెత్తని గడ్డిలో నెమళ్లు గుడ్లు పెట్టుకునేవి.

ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉండేది పిల్లలూ. ఎవరికి ఆపద కనబడితే వాళ్లు కేక వేయాలి. విన్నవాళ్లు ఆ కేకను అందుకుని ఇంకా దూరానికి పంపాలి. కేక ఎవరిది, మన జాతా, పరాయి జాతా అని అడగకూడదు. ముందు అందుకోవాలి. ఆ కేక కొండమీద తిరిగే పెద్ద జింకలు, కణుజుల దాకా, వెదురుపొదల్లోని ఏనుగుల దాకా పాకేది. అడవి అంతా వింటున్నప్పుడు బలవంతుడు కూడా కాస్త వెనకాడేవాడు.

దుప్పుల్లో చుక్కవ్వ అని ఒక ముసలిది ఉండేది. చిన్నప్పుడు రేచుకుక్కలు దాన్ని చుట్టుముట్టబోతే, అవతలి ఒడ్డు నుంచి నీలి అనే నెమలి కేక వేసి కాపాడింది. అప్పటినుంచి రెండూ నేస్తాలు. రోజూ పొద్దుగూకే వేళ నీలి చెట్టెక్కబోతూ పిలిచేది. "మడుగులో నీ మొహం చూసుకున్నది చాలు, ఇంటికి పోవే చుక్కీ" అనేది. చుక్కవ్వ బదులు పలికేది. ముసలిదాన్ని చుక్కీ అని పిలిచేవాళ్లు ఇంకెవరూ మిగల్లేదు.

ఒక ఏడు ఎండలు మండిపోయాయి. రేచుకుక్కలు గుంపుగా దిగాయి. నీళ్లకు వెళ్లిన దుప్పిపిల్లలు తిరిగి రావడం లేదు. దుప్పుల పెద్ద కొమ్మన్నకు తిండి సయించలేదు. అతను చెడ్డవాడు కాదు, తన మందను కాపాడుకోవాలనుకున్నాడు. అందుకే అవతలి ఒడ్డున కొత్తగా మకాం పెట్టిన అడవిదున్నల దొర దగ్గరికి వెళ్లాడు.

దొర గడ్డి నములుతూ విన్నాడు. "మీరు నీళ్లు తాగేటప్పుడు మా వాళ్లు మడుగు చుట్టూ నిలబడతారు. కుక్కలు ఆ దరికి కూడా రావు. బదులుగా ఒకటే కోరిక. మా ఒడ్డు నుంచి ఏ కేక వినబడినా మీరు అందుకోవద్దు. అది మా ఇంటి సంగతి."

ఈ మాట గుర్తుపెట్టుకోండి పిల్లలూ. కేక బయటికి పోకూడదని ఎవడైనా అడిగితే, లోపల ఎవరో ఏడవబోతున్నారని అర్థం.

కొమ్మన్న ఒప్పుకున్నాడు. ఆ మర్నాడే దుప్పులు భయం లేకుండా కడుపునిండా నీళ్లు తాగాయి. పిల్లలు తల్లుల పక్కన గంతులేశాయి. చుక్కవ్వ కూడా తాగింది. నీళ్లు తియ్యగానే ఉన్నాయి.

కొన్నాళ్లకే మొదటి కేక వినబడింది. మెత్తని గడ్డి కోసం దున్నలు నెమళ్ల గూళ్ల మీద నడిచాయి. గుడ్లు పగిలాయి. చుక్కవ్వ తల ఎత్తి నోరు తెరవబోయింది. పక్కనున్న దుప్పి ఒకటి, "వాళ్ల దయతో తాగుతున్నాం, నీ గొంతు కాస్త దాచుకో ముసల్దానా" అని విసుక్కుంది. తాను దొర చెవిలో మెల్లగా చెబుతానన్నాడు కొమ్మన్న. చెప్పాడు కూడా. దొర తోక ఊపి ఈగను తోలుకున్నాడు.

రెండోసారి దున్నలు నెమళ్లను గడ్డి నుంచి తరిమేశాయి. ఎదిరించిన మగనెమలిని తొక్కేశాయి. ఆ కేక చాలాసేపు సాగింది. ఎండాకాలం గట్టెక్కనివ్వమన్నాడు కొమ్మన్న. చుక్కవ్వ అతని దారికి అడ్డం నిలబడింది.

"నీలి నన్ను పేరు పెట్టి పిలుస్తోంది కొమ్మన్నా."

"నాకూ వినబడుతోంది అవ్వా. నీ మనవరాలు ప్రాణాలతో ఉందా లేదా, అది చెప్పు."

మనవరాలు పక్కనే నిలబడి ఉంది. చుక్కవ్వ దాన్ని చూసింది. తల దించుకుంది.

మూడో కేక పొట్టిగా వచ్చింది. మనవరాలు చెవులు నిక్కించి, "అదేంటి అవ్వా?" అని అడిగింది. దాని తల్లి గబగబా, "గాలి" అంది.

మర్నాడు పొద్దుగూకింది. అవతలి ఒడ్డు నుంచి ఎవరూ పిలవలేదు. ఆ తర్వాత కూడా పిలవలేదు. మిగిలిన నెమళ్లు కొండ దాటి పోయాయని కాకులు చెప్పుకున్నాయి. నీలి వాటిలో ఉందో లేదో ఎవరికీ తెలియదు. అయినా ఆ వేళకు చుక్కవ్వ కాళ్లు వాటంతట అవే మడుగు వైపు నడిచేవి.

వానలు పడ్డాయి. కొండమీద పచ్చిక మొలిచింది. దున్నలు ఒక్క మాటైనా చెప్పకుండా కొండెక్కిపోయాయి. వాటికి మడుగుతో పని తీరింది, దుప్పులతోనూ పని తీరింది.

గడ్డి నిలువెత్తు పెరిగాక రేచుకుక్కలు అవతలి ఒడ్డు మీదుగా వచ్చాయి. అక్కడ కేక వేయడానికి నెమలి లేదు. ఇవతల వాటిని మొదట చూసింది కొమ్మన్న కొడుకే. ఎండాకాలమంతా గొంతు బిగబట్టడం నేర్చుకున్న పిల్లవాడు. నోరు తెరిచాడు, కేక రాలేదు. కుక్కలు ముందు వాడినే పట్టుకున్నాయి.

ఆ సాయంత్రం చుక్కవ్వ వాగు నీళ్లలోకి దిగి, అవతలి ఒడ్డు వైపు తిరిగి పిలిచింది. ముసలి గొంతు, సగం దూరం కూడా పోలేదు. మర్నాడూ పిలిచింది. కొన్ని రోజులకు కొమ్మన్న వచ్చి పక్కన నిలబడ్డాడు. చిక్కిపోయి ఉన్నాడు.

"ఎవరు అందుకుంటారని అవ్వా?"

"వాళ్లు పిలిచినప్పుడు మనం విన్నాం కదా, పలకలేదు. ఇప్పుడు వాళ్లు కూడా ఎక్కడో వింటున్నారేమో."

కొమ్మన్న అవతలి ఒడ్డు వైపు తిరిగాడు. తర్వాత తనూ గొంతు కలిపాడు. నెమ్మదిగా మంద అంతా వచ్చింది. మనవరాలికి చుక్కవ్వ దగ్గరుండి కేక నేర్పింది.

మళ్లీ ఎండాకాలం. దొర దిగి వచ్చి పాత ఒప్పందమే మళ్లీ చెప్పాడు.

"కాపలాకి రండి దొరా, సంతోషం. మీకు ఆపదొస్తే మీ కేక కూడా అందుకుంటాం" అన్నాడు కొమ్మన్న. "కానీ ఏ కేకనూ వదిలిపెట్టం."

దొర కొమ్ము విసిరి వెళ్లిపోయాడు. ఆ వేసవి కష్టంగానే గడిచింది, నేను అబద్ధం చెప్పను. దుప్పులు వంతులవారీగా తాగాయి, సగం దాహంతో తిరిగాయి. కొన్ని చచ్చిపోయాయి. కానీ ఏదీ చప్పుడు లేకుండా చావలేదు. ప్రతి కేక కొండ దాకా వెళ్లింది, కణుజులు అందుకున్నాయి, ఏనుగులు కదిలాయి. కుక్కలు మునుపటంత ధైర్యంగా రాలేకపోయాయి.

ఒక సాయంత్రం చుక్కవ్వ నీళ్లలో నిలబడి ఉంది. చూపు ఆనడం లేదు, చెవులు కూడా మందగించాయి. పక్కనున్న మనవరాలు ఉన్నట్టుండి తల ఎత్తింది. కొండ అవతలి నుంచి సన్నగా ఏదో వస్తోంది.

"అవ్వా, అది గాలా?"

చుక్కవ్వ చెవులు అటు తిప్పి విన్నది. అది నీలి గొంతు కాదు. చిన్నది, పచ్చిది, ఇంకా పూర్తిగా తిరగని నెమలిపిల్ల గొంతు.

"గాలి కాదమ్మా" అంది. "అందుకో."

నీతి: ప్రాణం కాపాడుకోవడానికి బలవంతుడితో చెయ్యి కలపవచ్చు, కానీ అతని పాదాల కింద నలిగేవాళ్ల కేక విననట్టు ఉండాలన్న షరతుకు ఒప్పుకుంటే, చివరికి పోయేది మన గొంతే.